కలరా ఉండలు కాపాడలేని పెట్టెలు: ఒక విశ్వవిద్యాలయ కీటక సేకరణపై కేస్ స్టడీ

హైదరాబాద్‌లోని ఒక పాత విశ్వవిద్యాలయం, జంతుశాస్త్ర విభాగం. గోడ పొడవునా టేకు బీరువాలు, వాటిలో ఎండిన కీటకాల్ని సూదులకు గుచ్చి పెట్టిన అద్దపు మూతల చెక్క పెట్టెలు, కింది అరల్లో తేళ్లూ సాలీళ్లూ జెర్రులూ రోకలిబండలూ ఉన్న సీసాలు. నిజాం కాలంలో ఉర్దూలో రాసిన చీటీల దగ్గర్నుంచి నిరుడు ఎమ్మెస్సీ విద్యార్థులు ఇచ్చిన సబ్మిషన్ పెట్టెల దాకా అన్నీ ఒకే గదిలో ఉన్నాయి. విభాగం చెప్పిన ఫిర్యాదు ఒక్కటే: పురుగుల్ని పురుగులు తినేస్తున్నాయి, గట్టి మందు ఏదైనా చెప్పండి.

పెట్టెలన్నీ చూశాక తేలింది వేరు. చీడ ఉన్న మాట నిజమే. కానీ అది తిన్నదాని కంటే, కాపాడదామని చేసిన పనుల వల్ల పోయింది ఎక్కువ. ఏ పెట్టెకు ఏం చేశారో, ఎందుకు చెడిందో, ఇప్పుడు ఏం చేయాలో కింద ఉంది.

ముందు కిటికీ, తర్వాత పెట్టె

ఎండిన కీటకాల్ని తినేది ప్రధానంగా డెర్మెస్టిడ్ కుటుంబానికి చెందిన చిన్న పెంకుపురుగుల లార్వా. నాలుగైదు మిల్లీమీటర్ల పొడవు, గోధుమ రంగు, ఒళ్లంతా వెంట్రుకలు. ఎదిగిన పురుగు 2 నుంచి 4 మి.మీ., గుండ్రంగా మచ్చలతో ఉంటుంది. అది తినేది పుప్పొడి, అందుకే వెలుతురు వెతుక్కుంటూ కిటికీకి చేరుతుంది. కాబట్టి పరిశీలన పెట్టెతో కాకుండా కిటికీ గట్టుతో మొదలుపెట్టాలి. అక్కడ చచ్చిపడిన మచ్చల పురుగులు కనిపిస్తే భవనంలోనే ఎక్కడో అవి పెరిగే చోటు ఉన్నట్టు.

ఇక్కడ ఆ చోట్లు మూడు దొరికాయి. వెంటిలేటర్ మీద పావురాల గూడు, బీరువా వెనక కందిరీగలు కట్టిన మట్టిగూళ్లు, చచ్చిన పురుగులతో నిండిపోయిన ట్యూబులైటు కవర్లు. ఈకలు, ఎండిన సాలీళ్లు, పురుగుల పెంకులు ఈ లార్వాకు మంచి తిండి. హైదరాబాద్‌లో వెంటిలేటర్లున్న ఏ పాత భవనంలోనైనా పావురాలు తప్పవు కనుక ఈ తనిఖీ ప్రతిచోటా చేయాల్సిందే. గూళ్లు తీసి, వెంటిలేటర్‌కు సన్నకన్ను మెష్ కొట్టాకే మిగతా పని. లేకపోతే శుభ్రం చేసిన పెట్టెలోకి అదే పురుగు మళ్లీ వస్తుంది.

పెట్టెలో చూడాల్సింది కీటకాన్ని కాదు, దాని కింద నేలని. టార్చిని పక్కవాటుగా పట్టుకుంటే సూది మొదట్లో గోధుమ రంగు పిండిలాంటి పొడి, లార్వా విడిచిన వెంట్రుకల కుబుసాలు కనిపిస్తాయి. అది పాత నష్టమా, ఇప్పటిదా అన్నది పొడి చెప్పదు. మెత్తటి బ్రష్‌తో పూర్తిగా తుడిచి, మూత వేసి, రెండు వారాల తర్వాత చూడాలి. కొత్త పొడి రాలితే లోపల ప్రాణి ఉంది. అలాంటి పెట్టెకు ఎర్ర చీటీ, పాత నష్టం మాత్రమే ఉన్నదానికి పసుపు చీటీ అంటించారు.

పొడి లేకుండా 1 మి.మీ. లేత రంగు పురుగులు పరుగెడుతుంటే అవి పుస్తకాల పేలు. అవి ప్రధానంగా బూజు మీద బతుకుతాయి. కాబట్టి వాటికి మందు వెతకడం కంటే గదిలో తేమ తగ్గించడం మేలు. చీటీల కాగితం పైపొర గీకినట్టు పోయి ఉంటే సిల్వర్ ఫిష్ పని.

కలరా ఉండలు, థర్మోకోల్, కర్పూరం

ప్రతి పెట్టెలో మూల మూలకీ కలరా ఉండలు. వాసన ఘాటుగా వస్తోంది కనుక అంతా భద్రమేనని నమ్మకం. కానీ ఆ ఉండల్లోని నాఫ్తలీన్ చీడను చంపాలంటే దాని ఆవిరి పెట్టెలో దట్టంగా నిలవాలి. మూత వదులుగా ఉన్న చెక్కపెట్టెలో అది నిలవదు. అక్కడ నాఫ్తలీన్ మహా అయితే కొత్త పురుగుల్ని దూరం పెడుతుంది, లోపల ఉన్న లార్వా మాత్రం తింటూనే ఉంటుంది. ఎర్ర చీటీ పడ్డ పెట్టెల్లోనూ కలరా ఉండల వాసన గుప్పుమంటూనే ఉంది.

అసలు నష్టం నేల దగ్గర జరిగింది. అడుగున సూదులు గుచ్చే కార్క్ పాతబడిందని కొన్ని పెట్టెల్లో థర్మోకోల్ పరిచారు. థర్మోకోల్ అంటే పాలిస్టైరీన్; నాఫ్తలీన్ ఆవిరికి అది మెత్తబడుతుంది, అలాంటిదే మరో ఆవిరి మందు ప్యారాడైక్లోరోబెంజీన్‌కైతే కరిగిపోతుంది. సూది పట్టు పోయి, పెట్టెను బీరువాలోంచి లాగినప్పుడల్లా బరువైన కొమ్ము పురుగు ఒకటి ఊడి దొర్లుతుంది. దారిలో ఉన్న తూనీగల రెక్కలు, గొల్లభామల కాళ్లు విరిగిపోతాయి. ఒక్క పెంకుపురుగు వరస మొత్తాన్ని ఊడ్చేస్తుంది. సబ్మిషన్ పెట్టెల్లో దాదాపు అన్నిటిదీ ఈ పరిస్థితే, ఎందుకంటే కోఠీలో దొరికే రెడీమేడ్ పెట్టెలకు అడుగున థర్మోకోలే ఉంటుంది.

మరికొన్నిట్లో రెండు మందులు కలిపారు. నాఫ్తలీన్ 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ప్యారాడైక్లోరోబెంజీన్ 53 దగ్గర కరుగుతాయి. రెండూ తగిలితే ఆ మిశ్రమం 30 డిగ్రీల దరిదాపుల్లోనే నీరవుతుంది. కర్పూరం కలిపినా అంతే. ఏప్రిల్, మే నెలల్లో 40 దాటే ఊళ్లో ఇది ఎలా ముగుస్తుందో ఊహించవచ్చు: నూనెలాంటి ద్రవం చీటీల్లోకి, సీతాకోకచిలుకల రెక్కల్లోకి పాకింది. ఆ మరకలు పూర్తిగా పోవు.

నాఫ్తలీన్, ప్యారాడైక్లోరోబెంజీన్ రెండూ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ (ఐఏఆర్‌సీ) లెక్కలో మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశమున్నవాటి జాబితాలో, 2బి వర్గంలో ఉన్నాయి. ఆ గదిలోనే కూర్చుని ఫైళ్లు చూసుకునే మనిషి ఉన్నప్పుడు ఇది చిన్న విషయం కాదు. చాలా పాత పెట్టెల్ని పాదరసం, ఆర్సెనిక్ లవణాలతో శుద్ధి చేసి ఉండే అవకాశమూ ఉంది కనుక నైట్రైల్ గ్లవ్స్ లేకుండా ముట్టుకోకూడదు.

చేసింది: రసాయనాలన్నీ తీసేసి, థర్మోకోల్ స్థానంలో 10 మి.మీ. మందం క్రాస్‌లింక్డ్ పాలిథిన్ ఫోమ్ పరచడం. సాంద్రత క్యూబిక్ మీటరుకు 45 కిలోలకు దగ్గరగా ఉంటే సూది నిలబడుతుంది. ప్యాకింగ్ షాపుల్లో అమ్మే మెత్తటి ఈపీఈ ఫోమ్ చూడటానికి అలాగే ఉంటుంది కానీ నాలుగుసార్లు గుచ్చి తీస్తే పట్టు వదిలేస్తుంది. కొనేముందు సూది గుచ్చి, షీటును తలకిందులు చేసి దులిపి చూడటమే పరీక్ష.

ఫ్రీజర్ సరిగా వాడితేనే మందు

ఎర్ర చీటీ పెట్టెలకు మందు చలి. మైనస్ 30 డిగ్రీలైతే 3 రోజులు, మైనస్ 18 నుంచి 20 అయితే 14 రోజులు. ఐస్‌క్రీమ్ షాపుల్లో వాడే పెట్టె ఆకారపు డీప్ ఫ్రీజర్ సరిపోతుంది. ఇంటి ఫ్రాస్ట్‌ఫ్రీ ఫ్రిజ్ పనికిరాదు. మంచు కరిగించుకోవడానికి అది మధ్యమధ్యలో వేడెక్కుతుంది. చలి నెమ్మదిగా పెరిగితే లార్వా దానికి అలవాటు పడి బతికే వీలుంది. అందుకే ఫ్రీజర్ ముందే పూర్తిగా చల్లబడి ఉండాలి, ఒకేసారి కిక్కిరిసేలా పెట్టెలు నింపకూడదు.

పెట్టెను మందపాటి పాలిథిన్ సంచిలో పెట్టి, గాలి తీసి, నోరు టేపుతో మూసి లోపల పెట్టాలి. బయటికి తీశాక ఆ సంచిని 24 గంటల దాకా విప్పకూడదు. పనంతా చెడేది ఇక్కడే. పెట్టె బయటపడగానే ఎలా ఉందో చూద్దామని సంచి తెరిస్తే, గది గాలిలోని తేమ చల్లటి రెక్కల మీద, అద్దం మీద నీటి బొట్లయి చేరుతుంది. రెండు రోజుల్లో బూజు. అప్పుడు ఫ్రీజర్ మంచిది కాదని పేరు పడుతుంది. గుడ్లు తట్టుకుని మిగిలితే అవి పొదిగాక దొరికేలా ఒకటి రెండు వారాలు గది వేడిలో ఉంచి, రెండోసారి ఫ్రీజ్ చేయాలి.

కరెంటు పోతే లెక్క తప్పుతుంది. కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రతలు గుర్తుపెట్టుకునే థర్మామీటరు ఒకటి లోపల ఉంచి, గరిష్ఠం మైనస్ 15 దాటిందని తేలితే ఆ విడతను మొదటి రోజు నుంచి లెక్కించాలి.

ఫ్రీజర్ నుంచి వచ్చిన పెట్టె శుభ్రంగా ఉంటుందే తప్ప దానికి రక్షణ ఏమీ ఉండదు. బయట పురుగుంటే మర్నాడే ఎక్కుతుంది. అందుకే మూత బిగువు ముఖ్యం. ఒక కాగితపు ముక్కను మూత అంచులో పెట్టి మూసి లాగాలి. సులువుగా జారి వస్తే అక్కడ సందున్నట్టు. టేకు పెట్టెల అంచులకు పలచటి ఫెల్ట్ పట్టీ అంటిస్తే చాలావరకు సరిపోయింది. మూతే వంగిపోయిన పెట్టెల్ని మాత్రం పక్కన పెట్టాల్సి వచ్చింది.

తేమ: సిలికా జెల్‌తో తీరని లెక్క

గాలిలో తేమ (సాపేక్ష ఆర్ద్రత) 65 శాతం దాటి నిలిస్తే బూజు మొదలవుతుంది. హైదరాబాద్‌లో జూలై నుంచి సెప్టెంబరు దాకా కిటికీలు తెరిచిన గదిలో ఇంతకంటే తక్కువ ఉండటం అరుదు. విభాగం పెట్టెకో తేమ పీల్చే సిలికా జెల్ సంచి వేసింది, గుళికల నీలం రంగు గులాబీ రంగుకు మారినప్పుడల్లా సంచి మార్చింది, బూజు మాత్రం ఆగలేదు.

ఎందుకో లెక్కేస్తే తెలుస్తుంది. 45 సెం.మీ. పొడవు, 30 వెడల్పు, 6 లోతు ఉన్న పెట్టెలో గాలి 8 లీటర్లు. 30 డిగ్రీల దగ్గర, 80 శాతం ఆర్ద్రత ఉన్న గాలిలో క్యూబిక్ మీటరుకు సుమారు 24 గ్రాముల నీరు ఉంటుంది. అంటే ఈ పెట్టె గాలిలో ఉన్న నీరంతా కలిపి గ్రాములో ఐదో వంతు. చిన్న సంచి కూడా దాన్ని ఇట్టే పీల్చేస్తుంది. కానీ పెట్టె చెక్క తనలో దాచుకున్న నీరు దీనికి ఎన్నో రెట్లు, పైగా మూత సందుల్లోంచి కొత్తది వస్తూనే ఉంటుంది. బిగువు లేని పెట్టెలో సిలికా జెల్ గది గాలినంతా ఆరబెట్టే పని మీద వేసుకుంటుంది. కాబట్టి ఆరబెట్టాల్సింది గదినే: గాలిలోని తేమను లాగి, ఆ నీళ్లను నేరుగా పైపులోకి పంపే డీహ్యూమిడిఫయర్, మూసిన కిటికీలు, 45 నుంచి 55 శాతం లక్ష్యం. బకెట్టు నిండితే ఆగిపోయే రకం తీసుకుంటే ఆదివారం నాటికే ఆగుతుంది.

ఏసీ గురించి ఒక మాట. పొద్దున పదింటికి వేసి సాయంత్రం ఐదింటికి ఆపే ఏసీ ఈ గదికి మంచి కంటే చెడే ఎక్కువ చేస్తుంది. రాత్రి తేమగాలి లోపలికొచ్చి, పగలంతా చల్లబడిన అద్దాల మీద చేరుతుంది. రోజంతా నడిపే స్తోమత లేకపోతే ఏసీ లేకపోవడమే మేలు.

బూజు పట్టిన నమూనాల్ని ముందు పొడి గదిలో ఆరనిచ్చి, తర్వాత సన్నటి బ్రష్‌ను 70 శాతం ఆల్కహాల్‌లో ముంచి ఒక్కో భాగం తుడిచారు. తడిగా ఉన్నప్పుడే తుడిస్తే బూజు మరింత పులుముకుంటుంది. సీతాకోకచిలుకల రెక్కల్ని మాత్రం ఇలా తుడవకూడదు, పొలుసులు రాలిపోతాయి.

గుండుసూది కీటకాల సూది కాదు

కీటకాల సూది పొడవు 38 మి.మీ.; సాధారణ పనికి 2వ నంబరు, అంటే 0.45 మి.మీ. మందం, లేదా 3వ నంబరు, 0.50 మి.మీ. సబ్మిషన్ పెట్టెల్లో ఉన్నవి గుండుసూదులు. పొట్టివి కావడంతో చీటీకి చోటుండదు, వేళ్లు కీటకానికే తగులుతాయి, రెండు వానాకాలాలకు తుప్పు పడతాయి. పాత పెట్టెల్లోని ఇత్తడి సూదులది ఇంకో రోగం: కీటకం ఒంట్లోని కొవ్వుతో రాగి కలిసి ఆకుపచ్చ చిలుము ఉబ్బి, ఛాతీని లోపలి నుంచి చీల్చేస్తుంది.

తుప్పు కనబడగానే సూది మార్చాలనిపిస్తుంది. అలా తొందరపడి లాగిన చోటే చాలా నమూనాలు పగిలాయి. కదలని సూదిని కదపకూడదు. చిలుము నమూనాని చీలుస్తున్నప్పుడో, సూది విరిగే స్థితిలో ఉన్నప్పుడో మాత్రమే మార్చాలి. అప్పుడు కూడా మూతపెట్టిన డబ్బాలో తడి ఇసుక, దానిమీద బ్లాటింగ్ పేపర్ వేసి, బూజు రాకుండా థైమాల్ కొద్దిగా చల్లి, నమూనాను ఒకటి రెండు రోజులు మెత్తబడనివ్వాలి. ఆపై సూదిని లాగకుండా, వేళ్ల మధ్య తిప్పుతూ వదులు చేయాలి. కొత్త సూది పాత రంధ్రంలోకే వెళ్లాలి.

గుచ్చే చోటు జాతిని బట్టి ఉంటుంది: పెంకుపురుగులకు కుడి ముందురెక్క మొదట్లో, మిడతలకు మెడపలక వెనక భాగంలో కుడివైపు, సీతాకోకచిలుకలకు ఛాతీ నడిమధ్య. కుడివైపు గుచ్చడానికి కారణం ఎడమవైపు లక్షణాలు చెడకుండా ఉంచడం. సబ్మిషన్ పెట్టెల్లో పెంకుపురుగులు నడుమ గుచ్చి, రెండు ముందురెక్కలూ విడిపోయి ఉన్నాయి.

ఊడిన కాళ్లు, తలలు సూపర్ గ్లూతో అంటించి ఉన్నాయి. అది మళ్లీ ఊడదు, తెల్లటి ఆవిరి పొర కూడా వదులుతుంది. ఆల్కహాల్‌లో కరిగించిన చిక్కటి లక్క సరైన జిగురు. తప్పుగా అంటితే ఒక చుక్క ఆల్కహాల్‌తో వదిలిపోతుంది. లక్క కూడా ఒక కీటకం ఇచ్చిందే కనుక ఈ గదిలో దానికి హక్కు ఉంది. ఏ కీటకానిదో కచ్చితంగా తెలియని కాలును ఎవరికీ అంటించకూడదు. దాన్ని జెలటిన్ క్యాప్సూల్‌లో వేసి, దొరికిన చోట గుచ్చి ఉంచాలి.

చీటీ లేనిది నమూనా కాదు

అన్నిటికంటే పెద్ద నష్టం చీటీల్లో జరిగింది. ఏదో ఒక తనిఖీ ముందు, పాత చీటీలు మాసిపోయాయని కొన్ని పెట్టెలకు అందంగా కొత్తవి రాసి, పాతవి పారేశారు. ఆ కొత్తవాటిలో శాస్త్రీయ నామం, విభాగం పేరు ఉన్నాయి. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు పట్టారన్నది లేదు. కీటకం చెక్కుచెదరకుండా ఉన్నా పరిశోధనకు దానితో ఇక పని లేదు, పాఠం చెప్పడానికి తప్ప.

ఇప్పటి నియమం: పాత చీటీ ఏ స్థితిలో ఉన్నా సూది మీదే ఉంటుంది. కొత్త చీటీ దాని కింద చేరుతుంది. పాతదాన్ని ఉన్నదున్నట్టు, తప్పుతో సహా రిజిస్టరులోకి ఎక్కిస్తారు. సరిదిద్దిన రూపం పక్క గడిలో ఉంటుంది. తేదీలో నెలను రోమన్ అంకెలో రాస్తారు, లేకపోతే 4/7/62 అన్నది ఏప్రిలో జూలైయో ఎవరూ తేల్చలేరు.

ఊళ్ల పేర్లు ఇక్కడ ప్రత్యేకమైన చిక్కు. 'హైదరాబాద్' అని మాత్రమే ఉన్న పాత చీటీని కంప్యూటర్ సింధ్‌లోని హైదరాబాద్‌కు పంపిన సందర్భాలు వచ్చాయి. 'డెక్కన్' అన్న మాట ఉంటే బతికినట్టే. సికింద్రాబాద్‌కు ఉత్తరప్రదేశ్ బులంద్‌షహర్ జిల్లాలో జంట ఉంది. 'హైదరాబాద్ స్టేట్' అని ఉంటే 1956కు ముందు దాని కిందికి ఔరంగాబాద్, గుల్బర్గా, రాయచూరు కూడా వస్తాయి. 'వికారాబాద్, హైదరాబాద్ జిల్లా' అంటే 1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడక ముందుది. 2016 నుంచి వికారాబాదే జిల్లా. అందుకే జిల్లా పేరును ఇప్పటిదిగా మార్చి రాయకుండా, చీటీలో ఉన్నదాన్ని ఉంచి, అక్షాంశ రేఖాంశాలు విడిగా చేర్చారు.

ఉర్దూ చీటీల మీద ఫసలీ (నిజాం సర్కారు వాడిన పంటల క్యాలెండరు) తేదీలున్నాయి. హైదరాబాద్ సంస్థానపు ఫసలీ సంవత్సరం ఆజూర్ నెలతో, అక్టోబరు 6న మొదలయ్యేది. క్రీస్తుశకం రావాలంటే ఆజూర్, దై నెలలకు ఫసలీ సంవత్సరానికి 590 కలపాలి. ఇస్ఫందార్ నుంచి ఆబాన్ దాకా 591. మధ్యలోని బహ్మన్ డిసెంబరు, జనవరుల మీద పడుతుంది కాబట్టి తేదీ చూసి తేల్చాలి. 1350 ఇస్ఫందార్ అంటే 1941. కోస్తా రెవెన్యూ లెక్కల్లోని ఫసలీ జూలై 1న మొదలవుతుంది, దాన్ని ఇక్కడ వాడితే ఏడాది తప్పుతుంది. ఉర్దూ అంకెల్లో 2, 3 ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి కనుక చదివినదాన్ని ఊరి చరిత్రతో సరిచూడటం మంచిది. హిమాయత్‌సాగర్ గట్టున పట్టిన పురుగు చీటీ మీద 1329 అని చదివితే అది 1919-20. చెరువు పూర్తయిందే 1927లో. ఆ అంకె 1339 అయితే సరిపోతుంది.

సబ్మిషన్ పెట్టెల్లో రోల్ నంబరు తప్ప మరేదీ లేనివాటిని ప్రయోగశాలకు పంపారు. ప్రతి కీటకాన్నీ కాపాడాలన్న పట్టుదల పెట్టుకుంటే విలువైన పెట్టెలకు సమయం మిగలదు.

సీసాలు

సాలీళ్లు, తేళ్లు, జెర్రులు, ఆరుద్ర పురుగులు ఆల్కహాల్‌లోనే ఉండాలి. ఆరుద్ర పురుగును సూదికి గుచ్చి ఎండబెట్టిన నమూనా ముడుచుకుపోయింది, ఇక దేనికీ పనికిరాదు. ఆల్కహాల్‌లో దాని ఎరుపు కారిపోతుంది కానీ ఆకారం నిలుస్తుంది, కాబట్టి ముందే రంగు ఫొటో తీయాలి.

95 శాతం రెక్టిఫైడ్ స్పిరిట్ 842 మి.లీ. తీసుకుని, స్వేదన జలంతో లీటరు గీత దాకా నింపితే సీసాలకు కావాల్సిన 80 శాతం ఆల్కహాల్ వస్తుంది. స్పిరిట్‌కు ఎక్సైజ్ అనుమతి, స్టాకు రిజిస్టరు తప్పవు. ఆ తలనొప్పి పడలేక కొన్ని సీసాల్లో ఫార్మలిన్ పోశారు. అందులో ఒళ్లు బిర్రబిగుసుకుని కాళ్లు విరుగుతాయి, డీఎన్ఏ దెబ్బతింటుంది. పెద్ద తేలుకైతే పొట్ట పక్కన చిన్న గాటు పెట్టి, 24 నుంచి 48 గంటల తర్వాత ద్రవం పూర్తిగా మార్చాలి, లేకపోతే లోపల కుళ్లుతుంది.

మట్టం తగ్గినప్పుడల్లా 70 శాతమే పోస్తూ వచ్చారు. నీటికంటే ఆల్కహాల్ ముందు ఆవిరవుతుంది కనుక ప్రతి విడతకూ సీసాలో బలం తగ్గింది. ఫిబ్రవరి చివర ఒకసారి, జూన్‌లో ఒకసారి ఆల్కహాల్ మీటరుతో కొలిచి, తగ్గిన మేరకు 95 శాతం చేర్చాలి. మీటరు 20 డిగ్రీలకు తయారైంది. వేసవిలో అది ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, పట్టిక చూసి సవరించాలి. పూర్తిగా ఎండిపోయిన సాలీళ్లను లీటరుకు 5 గ్రాముల ట్రైసోడియం ఫాస్ఫేట్ ద్రావణంలో ఉబ్బనిచ్చి, కడిగి, 30, 50, 70, 80 శాతాల మెట్ల మీదుగా వెనక్కి తెచ్చారు. చీటీ సీసా లోపలే, పెన్సిల్‌తో. లేజర్ ప్రింటు అక్షరాలు ఆల్కహాల్‌లో పెచ్చులుగా ఊడి అడుగున చేరాయి.

నిప్పురవ్వ తగిలితే 70 శాతం ఆల్కహాల్ ఆవిరి 17 డిగ్రీల దగ్గరే అంటుకుంటుంది. ఈ ఊళ్లో ఏడాదంతా గది అంతకంటే వేడిగానే ఉంటుంది. సీసాలను పెట్టెల గది నుంచి వేరుచేసి, స్విచ్ బోర్డు బయట ఉన్న గదికి మార్చారు.

మైక్రోస్కోపు స్లైడ్ల పెట్టెలు మాత్రం ఈ విడతలో ముట్టుకోలేదు. తామర పురుగులు, పిండినల్లి, నల్లులు కెనడా బాల్సమ్ అనే పారదర్శక జిగురులో, పైన పలచటి గాజు మూత (కవర్ స్లిప్పు)తో ఉన్నాయి. నిలువుగా నిలబెట్టిన వాటిలో ఎండాకాలపు వేడికి కవర్ స్లిప్పులు కిందికి జారాయి. ప్రస్తుతానికి పెట్టెల్ని పక్కకు తిప్పి, స్లైడ్లు బల్లపరుపుగా ఉండేలా పెట్టారు. వాటిని ఫ్రీజర్‌లో పెట్టకూడదని బీరువా తలుపు మీద రాసి అంటించారు.